గంట మోగగానే వేయాల్సిన అంకె: బాక్సింగ్ స్కోరుపై అపోహలు - వాస్తవాలు

అమెరికాలో శనివారం రాత్రి జరిగే బాక్సింగ్ పోటీ మనకు ఆదివారం పొద్దున వస్తుంది. అందువల్ల నల్లగొండలోని మా ఇంట్లో ఎన్నో ఏళ్లుగా ఆదివారం ఉదయాన్ని ఈ ఆటకే కేటాయించాను. కొత్త పోటీ లేని వారం పాత పోటీ ఒకటి పెట్టుకుంటాను. ఇంటర్ చదివే రోజుల్లో అద్దెకు తెచ్చిన వీడియో క్యాసెట్లో మొదటిసారి మహమ్మద్ అలీని చూశాను. అప్పటి నుంచి చేతిలో గీతల నోటుబుక్కు, పెన్ను లేకుండా ఏ పోటీ ముందూ కూర్చోలేదు. రౌండు ముగిసి గంట మోగగానే ఇద్దరికీ మార్కులు వేసి, పోటీ అయ్యాక అసలు జడ్జీల కార్డులతో పోల్చుకుంటాను. నేను రింగు ఎక్కినవాణ్ని కాను, జడ్జిగా శిక్షణ పొందినవాణ్నీ కాను. అయినా ఇన్నేళ్లు వేసిన స్కోర్లు, వాటిలో చేసిన తప్పులు నాకు కొంత నేర్పాయి. నిఖత్ జరీన్ విజయాల తరువాత మా వైపు, అంటే ఇటు మిర్యాలగూడ నుంచి అటు మహబూబ్‌నగర్ వరకు, బాక్సింగ్ గురించి అడిగే పిల్లలు పెరిగారు. వారి నోట మళ్లీ మళ్లీ వినిపించే కొన్ని అపోహల గురించి ఇక్కడ రాస్తున్నాను.

అపోహ: పోటీ మొత్తం మీద ఎవరు ఎక్కువ కొట్టారో వారే గెలిచినట్లు.

వాస్తవం: మిగతా అపోహలలో చాలావరకు దీని నుంచే పుడతాయి కనుక దీని దగ్గర కొంత ఎక్కువసేపు ఆగుతాను. కుస్తీలో వీపు నేలకు ఆనితే చిత్తయినట్లే. చుట్టూ నిలబడిన వందమందికీ అది ఒకేలా కనిపిస్తుంది. కబడ్డీలో ఎంతమంది అవుటయ్యారో లెక్క పెట్టుకోవచ్చు. బాక్సింగ్‌లో నాకౌట్ (పడినవాడు పది లెక్కపెట్టేలోగా లేవలేకపోవడం) లేనప్పుడు అలాంటి కంటికి కనిపించే హద్దు ఉండదు. ప్రొఫెషనల్ పోటీల్లో ముగ్గురు జడ్జీలు మూడు నిమిషాల రౌండును ఒక విడి పోటీగా చూసి, గెలిచినవారికి 10, ఓడినవారికి సాధారణంగా 9 వేస్తారు. గంట మోగాక ఆ లెక్క అక్కడితో ముగుస్తుంది. తరువాతి రౌండుకు ఏదీ బాకీ పడదు, ఏదీ మిగలదు.

దీని పర్యవసానం ఏమిటో అంకెల్లో చూడండి. పన్నెండు రౌండ్ల పోటీలో ఒకరు ఏడు రౌండ్లను వెంట్రుకవాసి తేడాతో గెలిచి, మిగతా అయిదింటిలో నాక్‌డౌన్ కాకుండా, అంటే నేల మీద పడకుండా, చితకదెబ్బలు తిన్నా, ఆయనకు 115, ఎదుటివారికి 113 వస్తాయి. పోటీ అంతా కలిపి ఎక్కువ దెబ్బలు కొట్టినవాడు కూడా ఇలా ఓడిపోవచ్చు. ఇది అన్యాయంగా కనిపిస్తుందని నాకు తెలుసు. కానీ నియమం ఇదేనని ఇద్దరు ఆటగాళ్లకూ రింగులోకి దిగకముందే తెలుసు. తెలివైనవాడు దానికి తగ్గట్టే ఆడతాడు.

1987 ఏప్రిల్ 6న లాస్ వేగాస్‌లో మార్విన్ హాగ్లర్‌పై షుగర్ రే లెనార్డ్ చేసింది ఇదే. అయిదేళ్లలో ఒకే ఒక్క పోటీ ఆడి వచ్చిన లెనార్డ్, రౌండు చివరి అరనిమిషంలో ఒక్కసారిగా చేతుల వేగం పెంచి, జడ్జి పెన్ను పట్టుకునే క్షణానికి తన దెబ్బలే కళ్లలో మెదిలేలా చూసుకున్నాడు. సహజంగా ఎడమచేతివాటంతో ఆడే హాగ్లర్ మొదటి రౌండ్లలో కుడిచేతివాటంగా నిలబడి వాటిని చేజార్చుకున్నాడు. ఇద్దరు జడ్జీలు 115-113 వేశారు, కానీ ఒకరు లెనార్డ్‌కు, మరొకరు హాగ్లర్‌కు. మూడో జడ్జి 118-110తో లెనార్డ్‌నే గెలిపించాడు. అంటే పన్నెండింటిలో పది రౌండ్లు లెనార్డ్‌వే అన్నమాట. ఆ మూడో కార్డును నేను ఎన్నిసార్లు చూసినా సమర్థించలేను. మిగతా రెండు కార్డులూ మాత్రం నిజాయితీగా చూసే కంటికి సాధ్యమైనవే.

అపోహ: 1974లో ఆఫ్రికాలోని కిన్షాసాలో జార్జ్ ఫోర్‌మన్‌తో జరిగిన పోటీలో అలీ ఏడు రౌండ్లు దెబ్బలు తిని, ఎనిమిదో రౌండులో ఒక్క దెబ్బతో గెలిచాడు.

వాస్తవం: ఈ మాట విన్నప్పుడల్లా నాకు బాధ కలుగుతుంది, ఎందుకంటే ఆ పోటీలోని అసలు గొప్పతనాన్ని ఇది చెరిపేస్తుంది. ఈమధ్య ఒక అబ్బాయి, "సార్, అలీ తాళ్లకు ఆనుకొని తన్నులు తినుడే గదా, ఫోర్‌మన్ అలిసిపోయిండు కాబట్టి గెలిచిండు" అన్నాడు. అతనికి మొదటి రౌండును మాటలు వినిపించకుండా ఆపి, మళ్లీ మొదటి నుంచి పెట్టి చూపించాను. ఆ రౌండులో అలీ తాళ్ల మీద లేడు. ముందుగా జాబ్ (ముందున్న చేత్తో వేసే సూటి దెబ్బ) వేయకుండా నేరుగా కుడిచేతి దెబ్బలతో ఫోర్‌మన్ ముఖాన్ని వెతుక్కుంటూ వెళ్లాడు. అనుభవమున్న ఆటగాడి మీద అలాంటి దెబ్బ వేయడం సాహసం, ఎందుకంటే కుడిచేయి చాలా దూరం ప్రయాణించాలి.

రెండో రౌండు నుంచి అలీ తాళ్లను ఆనుకున్న మాట నిజమే. అయితే ఫోర్‌మన్ దెబ్బల్లో ఎక్కువ భాగం అలీ మోచేతుల మీద, ముంజేతుల మీద, గ్లవ్స్ మీద పడ్డాయి. చేతులతో కాచుకున్న దెబ్బకు మార్కు లేదు. గ్లవ్ లోపలి పిడికిలి కణుపుల భాగం తల ముందువైపో పక్కలకో, లేదా నడుముపట్టీకి పైన శరీరానికో తగిలినప్పుడే అది నిఖార్సైన దెబ్బ. ఇరవై దెబ్బలను చేతుల మీద ఆపి, రౌండు చివర్లో నాలుగింటిని సూటిగా ముఖం మీద వేసినవాడికే ఆ రౌండు చెందుతుంది. 1974 అక్టోబరు 30న ఎనిమిదో రౌండులో ఫోర్‌మన్ కూలిపోయే సమయానికి, స్కోరు వేస్తున్న ముగ్గురి కార్డుల్లోనూ అలీయే ముందున్నాడు. ఆ చివరి దెబ్బ లేకపోయినా అప్పటివరకు గెలుస్తున్నది ఆయనే.

అపోహ: ముందుకు దూసుకొచ్చేవాడికే మార్కులు.

వాస్తవం: జడ్జీలు చూసేవి నాలుగు: నిఖార్సైన దెబ్బలు, ఫలితమిచ్చే దూకుడు, రింగు మీద పట్టు, కాచుకునే నేర్పు. వీటిలో మొదటిదానికే ఎక్కువ బరువు. దూకుడు ముందు "ఫలితమిచ్చే" అనే మాట ఊరికే పెట్టలేదు. ఎదుటివాడి వెంటపడుతూ ప్రతి అడుగుకూ ముఖం మీద జాబ్ తింటూ ఉంటే దానిని దూకుడు అనరు. దెబ్బల సంఖ్య విషయమూ అంతే. టీవీ తెర మీద కనిపించే పంచ్‌ల లెక్క ప్రసారకర్తల కోసం రింగు పక్కన కూర్చుని బటన్లు నొక్కేవారు తయారుచేసేది. జడ్జీ బల్ల మీదకు అది రాదు. తగిలీతగలని పది జాబ్‌ల కంటే తలను వెనక్కి విరిచిన రెండు హుక్‌లకు (మోచేయి వంచి పక్క నుంచి వేసే దెబ్బలకు) విలువ ఎక్కువ కావచ్చు.

కాచుకునే కళను నేర్చుకోవాలంటే పెర్నెల్ విటేకర్‌ను చూడాలి. 1993 సెప్టెంబరు 10న శాన్ ఆంటోనియోలో, అప్పటికి ఓటమి ఎరుగని హూలియో సీజర్ చావెజ్ వెంటపడుతూనే ఉన్నాడు, విటేకర్ తప్పించుకుంటూనే కొడుతూ ఉన్నాడు. ఇద్దరు జడ్జీలు 115-115 వేయడంతో పోటీ సమమైంది. మూడో జడ్జి 115-113తో విటేకర్‌కు ఇచ్చాడు. ఆ పోటీకి నేను ఏనాడూ సమానమైన స్కోరు వేయలేకపోయాను. నా పుస్తకంలో అది స్పష్టంగా విటేకర్ విజయం.

అపోహ: ఎదుటివాడిని పడగొడితే పోటీ గెలిచినట్లే.

వాస్తవం: నాక్‌డౌన్ ఉన్న రౌండును సాధారణంగా 10-8గా వేస్తారు. అంటే అదనంగా పోయేది ఒక్క మార్కు. పడినవాడే మిగతా రౌండంతా ఆధిపత్యం చూపితే జడ్జి 10-9 వేసే అవకాశమూ ఉంది. 1927 సెప్టెంబరు 22న షికాగోలో ఏడో రౌండులో జాక్ డెంప్సీ, జీన్ టన్నీని పడగొట్టాడు. పడగొట్టినవాడు వెళ్లి నిలబడాల్సిన తటస్థ మూలకు డెంప్సీ వెంటనే వెళ్లకపోవడంతో రెఫరీ లెక్క ఆలస్యంగా మొదలైంది. ఆ లెక్క గురించి వందేళ్లుగా వాదిస్తున్నవారు, టన్నీ లేచి తరువాతి రౌండులో డెంప్సీని పడగొట్టాడనీ, పది రౌండ్ల పోటీని స్పష్టంగా గెలిచాడనీ మరిచిపోతారు.

అపోహ: పాత పోటీల స్కోర్లను కూడా ఇప్పటి లెక్కతోనే చదవాలి.

వాస్తవం: అలా చదివితే చాలా నిర్ణయాలు అర్థం కావు. 1971 మార్చి 8న న్యూయార్క్‌లో జరిగిన అలీ, జో ఫ్రేజియర్ పోటీకి పది మార్కుల పద్ధతి లేదు. ఎన్ని రౌండ్లు ఎవరివో లెక్కించారు. రెఫరీ కూడా స్కోరు వేశాడు. ఆయన కార్డు 8-6, ఒక రౌండు సమానం. మిగతా ఇద్దరివి 9-6, 11-4. మూడూ ఫ్రేజియర్‌కే. పదిహేనో రౌండులో అలీని నేలకూల్చిన ఆ ఎడమచేతి హుక్‌కు కూడా ఆ లెక్కలో దక్కింది ఒక్క రౌండే, ఒక్క జాబ్ తేడాతో గెలిచిన రౌండుకు దక్కినంతే. సరిగ్గా ఎనిమిది రోజుల తరువాత లండన్‌లో హెన్రీ కూపర్, జో బగ్నర్ పోటీని రెఫరీ ఒక్కడే నిర్ణయించాడు. బగ్నర్ గెలిచిన తేడా పావు పాయింటు. అందుకే పాత పోటీ పెట్టేముందు అది ఏ ఊళ్లో, ఏ పద్ధతిలో, ఎన్ని రౌండ్లకు జరిగిందో పుస్తకంలో మొదటి వరుసలో రాసుకుంటాను.

అపోహ: ఛాంపియన్‌ను చిత్తుగా ఓడిస్తేనే టైటిల్ వస్తుంది.

వాస్తవం: నియమావళిలో అలాంటి మాట లేదు. పోటీ సమమైతే టైటిల్ ఛాంపియన్ దగ్గరే ఉంటుంది; ఆయనకున్న వెసులుబాటు అంతే.

అపోహ: మార్కుల్లో ముందున్నవాడిని చివర్లో ఆపడం అన్యాయం.

వాస్తవం: 1990 మార్చి 17న మెల్డ్రిక్ టేలర్ రెండు కార్డుల్లో చావెజ్ కంటే చాలా ముందున్నాడు. పన్నెండో రౌండు చివర పడి లేచాడు. రెఫరీ అడిగిన ప్రశ్నకు జవాబు ఇవ్వలేదు. రెండు సెకన్లు మిగిలి ఉండగా పోటీ ఆగింది. ఆ రెండు సెకన్ల కోసం నేను చిన్నప్పుడు చాలా కోపం తెచ్చుకున్నాను. ఇప్పుడు ఆ పోటీ చూసినప్పుడు టేలర్ ముఖాన్నే చూస్తాను. మనిషి తనను తాను కాపాడుకునే స్థితిలో ఉన్నాడా లేడా అన్నదే రెఫరీ పని. గడియారమూ స్కోరు కార్డూ ఆయన చూడాల్సినవి కావు. 1981లో టామీ హెర్న్స్ కూడా మూడు కార్డుల్లో ముందుండి పద్నాలుగో రౌండులో లెనార్డ్ చేతిలో ఆగిపోయాడు.

అపోహ: 5-0 అంటే ఏకపక్షం, జడ్జీలు చీలిపోతే మోసం.

వాస్తవం: నిఖత్ జరీన్ 2022లో ఇస్తాంబుల్‌లో, 2023లో ఢిల్లీలో ప్రపంచ టైటిళ్లు గెలిచిన ఫైనళ్లు రెండూ 5-0. ఇవి మూడు రౌండ్లు, అయిదుగురు జడ్జీలు ఉండే అమెచ్యూర్ పోటీలు. ఇక్కడ 5 అనేది మార్కు కాదు. అయిదుగురు జడ్జీలూ ఆమెనే విజేతగా ఎంచారని దాని అర్థం. మూడు రౌండ్లలో రెండు గెలిచి 29-28 వచ్చినా ఆ జడ్జి ఓటు పూర్తిగా ఆమెదే. కాబట్టి ఎంతో హోరాహోరీగా సాగిన పోటీ కూడా 5-0గా ముగియవచ్చు. ఆ అమ్మాయి చివరి రౌండులో ఎంత కష్టపడిందో చూడకుండా అంకె చూసి సులువుగా గెలిచిందనుకోవడం ఆమెకు అన్యాయం చేయడమే.

చీలిక విషయానికి వస్తే, ప్రొఫెషనల్ పోటీల్లో ముగ్గురు జడ్జీలు రింగుకు మూడు వేర్వేరు పక్కల కూర్చుంటారు. ఒకరికి సూటిగా కనిపించిన దెబ్బ మరొకరికి రెఫరీ వీపు వెనుక జరుగుతుంది. కెమెరాకు ఎత్తు ఉంటుంది, కోణం మార్చి చూపించే వీలుంటుంది; వారికి ఆ రెండూ లేవు. అయితే ప్రతి తీర్పునూ సమర్థించమని నేను అనడం లేదు. 1988 సియోల్ ఒలింపిక్స్ ఫైనల్లో రాయ్ జోన్స్ 86 దెబ్బలు వేసి, 32 తిని, 3-2 తేడాతో ఓడిపోయాడు. అదే ఒలింపిక్స్‌లో ఉత్తమ బాక్సర్‌కు ఇచ్చే వాల్ బార్కర్ ట్రోఫీ ఆయనకే దక్కింది. నాలుగేళ్ల తరువాత బార్సిలోనాలో బటన్లు నొక్కే కంప్యూటర్ స్కోరింగ్ వచ్చింది. అలాంటి తీర్పును తప్పు అని గట్టిగా చెప్పగలగాలంటే, 115-113 లాంటి దగ్గరి తీర్పును కూడా మోసం అనే అలవాటు మనకు ఉండకూడదు.

అపోహ: ఫలితం తెలిసిన పోటీకి స్కోరు వేయడం వృథా.

వాస్తవం: నాకు ఈ ఆట నేర్పింది ఫలితం తెలిసిన పోటీలే. పద్ధతి చెబుతాను. వ్యాఖ్యానం వినిపించకుండా శబ్దం పూర్తిగా తీసేయాలి, ఎందుకంటే వ్యాఖ్యాత గొంతు పెరిగిన చోట తగలని దెబ్బ కూడా తగిలినట్లు కనిపిస్తుంది. గంట మోగిన పది సెకన్లలో అంకె వేయాలి, పెన్సిల్‌తో కాకుండా పెన్నుతో. తరువాతి రౌండు చూసి వెనక్కి వెళ్లి దిద్దకూడదు. అంకె పక్కన ఒక్క మాటలో కారణం రాయాలి. కొన్నేళ్లు ఆగి, పాత పేజీ తెరవకుండా మళ్లీ వేయాలి.

హాగ్లర్, లెనార్డ్ పోటీకి నా దగ్గర ఇలాంటి పేజీలు మూడు ఉన్నాయి. మొదటిది శబ్దంతో చూసి వేసింది: హాగ్లర్ 115-113. రెండోది శబ్దం లేకుండా: 114-114. మూడోది గత ఏడాది వేసవిలో వేసింది: లెనార్డ్ 115-113. ఒక్కోసారి ఒక్క రౌండే చేయి మారింది, రెండుసార్లూ పక్కన రాసిన కారణం "చివరి అరనిమిషం" అనే.