పోస్టుమార్టంలో దొరికే జబ్బు: లూయీ బాడీ డిమెన్షియా వెనక కథ

డిమెన్షియాతో, అంటే మతి క్షీణించే జబ్బుతో చనిపోయినవాళ్ల మెదళ్లను కోసి చూసిన అధ్యయనాల్లో, నూటికి పదిహేను ఇరవై మందిలో లూయీ బాడీలు (మెదడు కణాల్లో పేరుకునే గుండ్రటి ముద్దలు) కనబడుతూ వచ్చాయి. బతికుండగా ఆ పేరుతో జబ్బు నిర్ధారణ అయ్యేది మాత్రం డిమెన్షియా రోగుల్లో నూటికి నలుగురి నుంచి ఏడెనిమిది మందికే. మిగతావాళ్లంతా అల్జీమర్స్ అనో, పార్కిన్సన్స్ (వణుకు జబ్బు) అనో, ‘వయసైపోయింది కదా’ అనో రాయించుకుని వెళ్లిపోయినవాళ్లే. ఈ తేడా ఎందుకొచ్చిందో తెలియాలంటే కాస్త వెనక్కి వెళ్లాలి.

ఫ్రిట్జ్ హైన్రిష్ లూయీ బెర్లిన్‌లో పుట్టిన యూదు డాక్టర్. మ్యూనిక్‌లో సాక్షాత్తూ అల్జీమర్ ల్యాబ్‌లోనే పనిచేశాడు. పార్కిన్సన్స్ రోగుల మెదడు కణాల్లో కనిపించిన గుండ్రటి ముద్దల గురించి 1912లో రాశాడు. వాటికి ఆయన పేరు పెట్టింది ట్రెటియాకాఫ్ అనే డాక్టర్, 1919లో పారిస్‌లో. హిట్లర్ వచ్చాక లూయీ దేశం విడిచి చివరికి అమెరికా చేరాడు. ముద్దలు మాత్రం పార్కిన్సన్స్ ఖాతాలోనే ఉండిపోయాయి. అవి మెదడు పైపొరలో కూడా ఉంటాయని, మతిపోవడానికి అవే కారణం కావచ్చని చాలాకాలం ఎవరికీ తట్టలేదు. పైపొరలోని ముద్దలు మామూలు రంగులద్దితే సరిగా కనబడవు, అదీ ఒక కారణం. 1961లో ఒకాజాకి బృందం అమెరికాలో ఇద్దరు రోగుల గురించి రాసింది. 1976 నుంచి జపాన్‌లో కెంజి కొసాకా వరసగా కేసులు బయటపెట్టాడు. 1980ల చివర్లో యుబిక్విటిన్ అనే ప్రోటీన్‌ను పట్టుకునే కొత్త రంగు పద్ధతి వచ్చాక గానీ ఇది అరుదైన జబ్బు కాదని తేలలేదు.

అసలు మలుపు ఇంగ్లాండ్‌లోని న్యూకాజిల్‌లో వచ్చింది. పోస్టుమార్టంలో లూయీ బాడీలు తేలిన రోగుల పాత కేసు షీట్లను ఇయాన్ మెక్‌కీత్ బృందం తిరగేసింది. భ్రాంతులు, గొడవ తగ్గడానికి హాలోపెరిడాల్ లాంటి సైకియాట్రీ మందులు వాడినవాళ్లలో దాదాపు సగం మంది ఉన్నట్టుండి బిగుసుకుపోయారు, మగతలోకి జారారు, తొందరగా చనిపోయారు కూడా. 1992లో ఇది అచ్చయ్యాక జబ్బు పేరు సరిగా రాయడం ప్రాణాలకు సంబంధించిన విషయమైంది. నా దృష్టిలో ఈ మొత్తం చరిత్రలో ముఖ్యమైన పరిశోధన పత్రం అదే.

1995లో నిపుణులు అక్కడే సమావేశమై, 1996లో మొదటి ఉమ్మడి ప్రమాణాలు ప్రకటించారు. 2005లో, మళ్లీ 2017లో సవరించారు. ఇప్పుడు ముఖ్య లక్షణాలు నాలుగు: తెలివి గంటగంటకీ, రోజురోజుకీ మారిపోవడం; లేనివి కళ్లకు కట్టినట్టు పదేపదే కనిపించడం; నిద్రలో కల ప్రకారం చేతులు విసరడం, తన్నడం, అరవడం; పార్కిన్సన్స్ మాదిరి బిగుతు, మందకొడితనం లేదా వణుకు. డిమెన్షియాతో పాటు వీటిలో రెండుంటే, లేదా ఒక లక్షణానికి తోడు మెదడులో డోపమిన్ తీరు చూపే డాట్ స్కాన్, గుండె నరాల ఎంఐబీజీ స్కాన్, నిద్ర పరీక్షల్లో ఒక్కటైనా కలిస్తే ‘ప్రాబబుల్’ (చాలావరకు ఇదే జబ్బు) అని రాయొచ్చు. నిద్ర లక్షణం 2017లోగానీ ముఖ్యమైనవాటి జాబితాలోకి ఎక్కలేదు. దాన్ని అమెరికాలో షెంక్, మహోవాల్డ్ 1986లోనే వర్ణించారు!

స్కాన్లు సరే, ఓపీలో జరిగేది వేరు. మూడు మాటలు చెప్పి కాసేపాగి అడిగితే పెద్దాయన టకటకా చెప్పేస్తాడు. గడియారం బొమ్మ వేయమంటే అంకెలన్నీ ఒక పక్కకి పోగవుతాయి. జ్ఞాపకం బాగుంది కదా అని అక్కడే ఆపేస్తే జబ్బు జారిపోతుంది. భ్రాంతుల సంగతి ఇంట్లోవాళ్లు తమంతట తాము చెప్పరు. గది మూలన చిన్నపిల్లలు నిలబడ్డారనో, మంచం కింద పిల్లి ఉందనో ఆయన ఏ కంగారూ లేకుండా చెబుతుంటే, మన ఇళ్లలో గాలి సోకిందనుకుంటారు. చనిపోయినవాళ్లు కనిపిస్తే రోజులు దగ్గరపడ్డాయనుకుంటారు. నిద్రలో కొట్టడం మొదలై ఏళ్లు గడిచి ఉంటాయి, భార్య పక్క గదిలో పడుకోవడం అలవాటు చేసుకుని ఉంటుంది. ‘నిద్రలో కలవరించి చేతులు విసురుతారామ్మా?’ అని ఆవిణ్ని అడిగితేనే ఆ సంగతి బయటికొస్తుంది. అయిదు నిమిషాల ఓపీలో ఆ ప్రశ్నకు చోటెక్కడ?

స్పెషాలిటీల గోడలూ అడ్డమే. వణుకు చూసినవాళ్లు న్యూరాలజీకి, భ్రాంతులు చూసినవాళ్లు సైకియాట్రీకి పంపుతారు. వణుక్కి ట్రైహెక్సీఫెనిడిల్ రాస్తే మతి ఇంకా చెదురుతుంది, ఎందుకంటే ఈ జబ్బులో అసలే తక్కువైన ఎసిటైల్‌కోలిన్ అనే మెదడు రసాయనానికి అది అడ్డుపడుతుంది. ఆ రసాయనాన్ని పెంచే రివాస్టిగ్మిన్, డోనెపెజిల్ మందులతో మాత్రం కొందరిలో భ్రాంతులు తగ్గి, చూపులో తేటదనం వస్తుంది. హాలీవుడ్ నటుడు రాబిన్ విలియమ్స్‌కు 2014 మేలో పార్కిన్సన్స్ అన్నారు. ఆగస్టులో చనిపోయాక, మెదడంతా పాకిన లూయీ బాడీలు పోస్టుమార్టంలో బయటపడ్డాయి.

లూయీ ముద్దల్లో ఉండేది ఆల్ఫా సిన్యూక్లిన్ అనే ప్రోటీన్ అని 1997లో తేలింది. దాన్ని వెన్నునీటిలోనూ, చర్మం ముక్కలోనూ పట్టుకునే పరీక్షలు ఇప్పుడు వస్తున్నాయి. 2024లో కొందరు పరిశోధకులు ఒకడుగు ముందుకేసి, లక్షణాలను బట్టి కాక ప్రోటీన్‌ను బట్టే జబ్బును నిర్వచిద్దామన్నారు. అయితే ఏ లక్షణమూ లేనివాళ్లలో కూడా ఆ పరీక్ష పాజిటివ్ రావచ్చు. అందుకే ఆ ప్రతిపాదన ప్రస్తుతానికి పరిశోధనల వరకే. ఓపీలో నడిచేది 2017 జాబితాయే.