పాత ఫైలు ఎవరి చేతిలో? మెడికల్ రికార్డుల యాప్‌ల వెనక కథ

పెద్దాసుపత్రిలో డాక్టరు ముందు కూర్చోగానే వినిపించే మాట, "పాత రిపోర్టులు తెచ్చారా?" శ్రీకాకుళం నుంచి విశాఖ కేజీహెచ్‌కి వచ్చినా, ఆదిలాబాద్ నుంచి హైదరాబాద్ నిమ్స్‌కి వచ్చినా చేతిలో ఒక ప్లాస్టిక్ కవరు ఉండాల్సిందే. ఓపీ చీటీలు, మందుల చీటీలు, స్కానింగ్ ఫిల్ములు, డిశ్చార్జి సమ్మరీ, రక్తపరీక్షల కాగితాలు అన్నీ అందులోనే. వాటిలో ముందుగా పాడయ్యేది ఈసీజీ. అది అచ్చయ్యేది వేడికి నల్లబడే కాగితం మీద కాబట్టి కొన్నేళ్లలో గీత వెలిసిపోతుంది. ఛాతీ నొప్పితో మళ్లీ వచ్చిన మనిషికి కొత్త ఈసీజీని పాతదానితో పోల్చి చూడటం గుండె డాక్టరుకు చాలా అవసరం. తీరా కవరు విప్పితే ఆ కాగితం దాదాపు ఖాళీగా ఉంటుంది.

ఈ కవరును ఫోన్లోకి ఎక్కించాలని ప్రభుత్వాలు, కంపెనీలు ఏళ్ల తరబడి ప్రయత్నిస్తూనే ఉన్నాయి. డబ్బుకు, సాంకేతికతకు లోటు లేదు. అయినా కవరు మాత్రం పోలేదు. ఎందుకంటే ఈ వ్యవస్థల్లో చాలావాటిని ఆసుపత్రి కోసమో, బిల్లు కట్టే సంస్థ కోసమో, లెక్కలు కావాల్సిన ప్రభుత్వం కోసమో కట్టారు. కవరు మోసే మనిషిని చివర్లో తీసుకొచ్చి ఓటీపీ అడిగారు. ఈ కథంతా చదివితే నాకు అర్థమైంది ఇదే.

చట్టం దగ్గర మొదలుపెడదాం. భారత వైద్య మండలి 2002లో తెచ్చిన నీతి నియమావళి ప్రకారం ఆసుపత్రిలో చేరిన పేషెంటు రికార్డును డాక్టరు 3 సంవత్సరాలు భద్రపరచాలి. పేషెంటుగానీ, ఆయన తరఫు మనిషిగానీ అడిగితే 72 గంటల్లో కాగితాలు ఇవ్వాలి. ఈ సంగతి తెలిసి అడిగేవాళ్లు తక్కువ. అంతకంటే ముఖ్యమైన సంగతి మరొకటుంది. ఈ నియమం చేరిన పేషెంట్లకే. ఓపీలో చూపించుకుని వెళ్లేవాళ్ల ప్రస్తావన అందులో లేదు. బీపీకి, షుగరుకు, థైరాయిడ్‌కు ఏళ్ల తరబడి వాడే మందుల చరిత్రంతా ఓపీ చీటీల్లోనే ఉంటుంది. అంటే దీర్ఘకాలిక రోగి కథలో ముఖ్యమైన భాగాన్ని దాచే బాధ్యత మొదటి నుంచీ రోగిదే.

తెలుగు నేల మీద పేదల వైద్యం పెద్ద ఎత్తున కంప్యూటర్లోకి ఎక్కింది ఆరోగ్యశ్రీతో. 2007 ఏప్రిల్ 1న అనంతపురం, మహబూబ్‌నగర్, శ్రీకాకుళం జిల్లాల్లో మొదలై తర్వాత ఉమ్మడి రాష్ట్రమంతా విస్తరించింది. నెట్‌వర్క్ ఆసుపత్రిలో ఆరోగ్యమిత్ర కూర్చుని కార్డు చూసి వివరాలు నమోదు చేస్తారు. పరీక్షల రిపోర్టులు ఆన్‌లైన్‌లో పథకాన్ని నడిపే ఆరోగ్యశ్రీ ట్రస్టుకు వెళతాయి, అక్కడ అనుమతి వస్తేనే ఆపరేషన్. ఆ రోజుల్లో దేశంలో ఇంత పెద్ద స్థాయిలో ఇలాంటి ఏర్పాటు అరుదు, దాని వల్ల నిలిచిన ప్రాణాలు ఎన్నో. కానీ ఆ కంప్యూటర్ రికార్డు పుట్టింది చికిత్స ఖర్చు మంజూరు కోసం. డిశ్చార్జి రోజున రోగి చేతికి వచ్చింది మళ్లీ కాగితాలే. స్టెంటు వేయించుకున్న మనిషి రెండేళ్ల తర్వాత వేరే ఊళ్లో పడిపోతే, అక్కడి డాక్టరుకు కావాల్సినవన్నీ ఎక్కడో ఒక సర్వర్లో ఉన్నా ఆయన కళ్లకు కనిపించవు.

సరిగ్గా అదే కాలంలో అమెరికాలో ఇంకో ప్రయోగం నడిచింది. మైక్రోసాఫ్ట్ 2007 అక్టోబరులో హెల్త్‌వాల్ట్ తెచ్చింది, 2008 మేలో గూగుల్ హెల్త్ వచ్చింది. రెండూ మనిషి చేతికే రికార్డు ఇస్తామన్నాయి. గూగుల్ హెల్త్ 2012 జనవరి 1న మూతపడింది, హెల్త్‌వాల్ట్ 2019 నవంబరు వరకు లాక్కొచ్చింది. చాలా ఆసుపత్రుల నుంచి సమాచారం వాటిలోకి రాలేదు. జబ్బు మనిషి తన మందుల పేర్లు, పరీక్షల అంకెలు తనే కూర్చుని టైపు చేసుకోవాలి. అంత ఓపిక ఆరోగ్యవంతుడికే ఉండదు. 2018లో ఆపిల్ తన ఫోన్లో ఆసుపత్రి రికార్డులు చూపించగలిగిందంటే కారణం తెర అందంగా ఉండటం కాదు. అప్పటికి 2009 నాటి చట్టం కింద ప్రభుత్వ సొమ్ముతో అక్కడి ఆసుపత్రులు కంప్యూటర్లోకి మారాయి, ఒక కంప్యూటర్ నుంచి మరోదానికి రికార్డులు పంపుకోవడానికి ఫైర్ (FHIR) అనే ఉమ్మడి ప్రమాణం ఒకటి కుదిరింది, తన రికార్డు కాపీ అడిగే హక్కు పేషెంటుకు ఎప్పటి నుంచో ఉంది. ఇప్పుడు డల్లాస్‌లోనో న్యూజెర్సీలోనో ఉన్న మనవాళ్లు తమ రక్తపరీక్ష ఫలితం ఆసుపత్రి ఇచ్చే మైచార్ట్ యాప్‌లో చూసుకుంటారు. గుంటూరులో ఉన్న నాన్న రిపోర్టు మాత్రం వాట్సాప్‌లో ఫొటో తీసి పంపమంటారు.

మన దగ్గర కేంద్ర ఆరోగ్య శాఖ 2013లో ఎలక్ట్రానిక్ రికార్డుల ప్రమాణాలు ప్రకటించింది, 2016లో సవరించింది. అందులో ఒక మంచి మాట ఉంది. రికార్డు ఆసుపత్రి దగ్గర ఉన్నా అది పేషెంటు తరఫున నమ్మకంగా ఉంచుకున్నదే, అందులోని సమాచారానికి యజమాని పేషెంటే అని. ఆ మాటను అమలు చేయించే శక్తి ఆ పత్రానికి లేదు. 2017 జాతీయ ఆరోగ్య విధానం డిజిటల్ ఆరోగ్య వ్యవస్థ కావాలంది, 2018లో నీతి ఆయోగ్ దానికి నమూనా గీసింది, 2020 ఆగస్టు 15న ప్రధాని ఎర్రకోట మీద నుంచి జాతీయ డిజిటల్ హెల్త్ మిషన్ ప్రకటించారు. ముందు 6 కేంద్రపాలిత ప్రాంతాల్లో పరీక్షించి, 2021 సెప్టెంబరు 27న ఆయుష్మాన్ భారత్ డిజిటల్ మిషన్ పేరుతో దేశమంతా తెచ్చారు. మనిషికో హెల్త్ ఐడీగా 14 అంకెల ఆభా నంబరు వచ్చింది దాని నుంచే.

దీని నిర్మాణం నిజంగా ఆలోచించి చేసింది. రికార్డులన్నీ ఢిల్లీలో ఒక పెద్ద గోదాములో పోయరు. ఏ ఆసుపత్రి రికార్డు ఆ ఆసుపత్రి దగ్గరే ఉంటుంది. కొత్త డాక్టరుకు అవి కావాలంటే అభ్యర్థన పేషెంటు యాప్‌కు వస్తుంది. ఎందుకు అడుగుతున్నారు, ఏ రకం రికార్డులు, ఏ తేదీ నుంచి ఏ తేదీ దాకా, ఎప్పటి వరకు చూడొచ్చు అన్నవన్నీ అందులో ఉంటాయి. ఒప్పుకుంటేనే రికార్డు కదులుతుంది, ఆ అనుమతిని తర్వాత రద్దు చేసుకోవచ్చు కూడా. కాగితం మీద ఇంతకంటే మర్యాదైన ఏర్పాటు లేదు.

చిక్కు వచ్చేది కౌంటర్ దగ్గర. ఫలానా ఆసుపత్రిలో నా పాత రికార్డులు ఉన్నాయేమో చూడు అని యాప్‌ను అడిగితే, ఆసుపత్రి కంప్యూటర్ మొబైల్ నంబరు, పేరు, స్త్రీయా పురుషుడా, పుట్టిన సంవత్సరం పట్టుకుని వెతుకుతుంది. మన ఇళ్లలో ఈ నాలుగూ ఎలా ఉంటాయో చూడండి. ఆధార్‌లో ఇంటిపేరు పూర్తిగా ముందు ఉంటుంది, ఓపీ చీటీ మీద రద్దీలో రాసింది "కె. లక్ష్మి" అని. ఆధార్‌లో మహాలక్ష్మి, ఊళ్లో లక్ష్మమ్మ. వయసు అడిగితే "అరవై రాసుకోండి బాబూ" అంటుంది, కాబట్టి పుట్టిన సంవత్సరం కౌంటర్లో కుర్రాడు లెక్కగట్టింది. మొబైల్ నంబరు కొడుకుదో, అల్లుడిదో, ఒక్కోసారి ఆటోలో తీసుకొచ్చిన పక్కింటాయనదో. ఓటీపీ అక్కడికే పోతుంది. కొడుకు బెంగళూరులో డ్యూటీలో ఉంటే అమ్మ రికార్డు తెరుచుకోదు. ఒకే నంబరు కింద అత్త, కోడలు, మనవరాలి రికార్డులు పేరుకుంటాయి కాబట్టి ఎవరి సంగతి ఎవరికి తెలియాలన్నది ఫోన్ పట్టుకున్న మనిషి చేతిలోకి పోతుంది. కాన్పు, గర్భస్రావం, మానసిక వైద్యం లాంటి విషయాల్లో ఇది చిన్న సమస్య కాదు. గర్భస్రావం చేయించుకున్న స్త్రీ వివరాలు బయటపెట్టకూడదని గర్భస్రావ చట్టానికి 2021లో చేసిన సవరణలోనే రాశారు. చట్టం దాచమన్నదాన్ని ఇంట్లో అందరూ వాడే ఫోన్ యాప్ దాచగలదా అన్నది డిజైన్ చేసేవాళ్లు మొదటి రోజే అడగాల్సిన ప్రశ్న.

రికార్డు బయటికి పొక్కితే బతుకు ఎలా తలకిందులవుతుందో సుప్రీంకోర్టు 1998లోనే చూసింది. మిస్టర్ ఎక్స్ అని మాత్రమే పిలిచిన ఒక డాక్టరు రక్తదానం చేస్తే హెచ్‌ఐవీ బయటపడింది. ఆసుపత్రి నుంచి ఆ విషయం బయటికి వెళ్లి పెళ్లి ఆగిపోయింది, ఆయన ఊరు వదిలిపోవాల్సి వచ్చింది. కాబోయే భార్య ప్రాణానికి ముప్పున్నప్పుడు చెప్పడం తప్పు కాదని కోర్టు తేల్చింది. గోప్యత ప్రాథమిక హక్కని 2017 ఆగస్టు 24న తొమ్మిదిమంది న్యాయమూర్తుల ధర్మాసనం చెప్పే నాటికి ఆలోచన చాలా ముందుకు వచ్చింది. అదే ఏడాది వచ్చిన హెచ్‌ఐవీ చట్టం కొద్దిపాటి మినహాయింపులతో బాధితుడి అంగీకారం లేకుండా చెప్పడాన్ని నిషేధించింది.

నమ్మకం విషయంలో కొవిడ్ కాలం మంచి చేయలేదు. టీకా కోసం ఆధార్ చూపించిన చాలామందికి తమకు తెలియకుండానే హెల్త్ ఐడీ తయారైపోయిందని 2021లో వార్తలొచ్చాయి. స్వచ్ఛందం అని చెప్పిన వ్యవస్థ గడపలో అడుగుపెట్టాల్సిన తీరు అది కాదు. 2025 నాటికి ఆభా నంబర్లు 70 కోట్లు దాటాయి. ఇంత పెద్ద అంకె చూసి ఇంతమంది తమ రికార్డులు ఫోన్లో చూసుకుంటున్నారనుకుంటే పొరపాటే. జనానికి ఆభా ఎక్కువగా పరిచయమైంది ఓపీ కౌంటర్ దగ్గర క్యూఆర్ కోడ్ స్కాన్ చేస్తే టోకెన్ వచ్చే సౌకర్యంతో. 2022 అక్టోబరులో ఢిల్లీలోని లేడీ హార్డింజ్ వైద్య కళాశాల ఆసుపత్రిలో మొదలుపెట్టారు. అందులో పోయేది పేరు, వయసు, ఆభా నంబరు లాంటి వివరాలే, జబ్బు చరిత్ర కాదు. అయినా జనం వాడారు, ఎందుకంటే నిలబడే క్యూ తగ్గింది. యాప్ చేసేవాళ్లు దీని నుంచి నేర్చుకోవాల్సింది చాలా ఉంది.

ఇక భద్రత. 2022 నవంబరు 23న ఢిల్లీ ఎయిమ్స్ సర్వర్లకు రాన్సమ్‌వేర్, అంటే సమాచారానికి తాళం వేసి డబ్బు గుంజే వైరస్, తగిలింది. ప్రభుత్వం పార్లమెంటుకు చెప్పిన ప్రకారం 5 సర్వర్లలోని దాదాపు 1.3 టెరాబైట్ల సమాచారం తాళం పడింది, ఓపీ నుంచి ల్యాబు దాకా రోజుల తరబడి పెన్నూ కాగితంతో నడిపారు. దేశంలో అగ్ర ఆసుపత్రి పరిస్థితే అది. రికార్డు ఎక్కడిదక్కడే ఉంటుందన్న ఏర్పాటులో ప్రతి ఆసుపత్రీ తన సర్వరును తనే కాచుకోవాలి. జిల్లా కేంద్రంలో ముప్పై పడకల నర్సింగ్ హోమ్‌కు ఆ స్తోమత ఎక్కడిది? రికార్డులు లింక్ చేసినందుకు ఆసుపత్రులకు ప్రోత్సాహకం ఇచ్చే పథకం 2023 జనవరిలో మొదలైంది, నిర్ణీత సంఖ్య దాటాక ఒక్కో లావాదేవీకి 20 రూపాయలు. కానీ దాని ఉద్దేశం రికార్డుల సంఖ్య పెంచడమే.

తెలంగాణలో 2022 మార్చిలో ములుగు, రాజన్న సిరిసిల్ల జిల్లాల్లో హెల్త్ ప్రొఫైల్ కార్యక్రమం వేరే దారిలో వెళ్లింది. ఆశా కార్యకర్తలు, ఏఎన్ఎంలు ఇంటింటికీ వెళ్లి 18 ఏళ్లు దాటినవాళ్ల బీపీ, షుగరు చూసి, రక్త నమూనాలు తీసి నమోదు చేశారు. రోగిని ఆసుపత్రికి రమ్మనకుండా గడప దగ్గరికి వెళ్లడం నాకు నచ్చిన పద్ధతి. సమాచారం తెలిసిన మనిషి చేతుల మీదుగా ఎక్కుతుంది, తప్పుంటే అక్కడికక్కడే దిద్దుకోవచ్చు.

ఈ చరిత్ర తెలిసినవాళ్లు ఇప్పుడు యాప్ గీయాలంటే కవరు నుంచే మొదలుపెడతారు. చేతిరాత మందుల చీటీని, మడతపడ్డ ల్యాబు కాగితాన్ని ఫొటో తీస్తే తేదీ వారీగా సర్ది పెట్టాలి, నెట్ లేని పీహెచ్‌సీలోనూ తెరుచుకోవాలి. డాక్టరు మూడు నిమిషాల్లో చూడగలిగేలా ప్రస్తుతం వాడుతున్న మందులు, పడని మందులు, పెద్ద ఆపరేషన్లు మొదటి తెర మీదే ఉండాలి. అమ్మ యాప్‌ను కూతురు నడిపే వీలుండాలి, అమ్మ వద్దనుకున్న కాగితం కూతురికి కనిపించని వీలూ ఉండాలి. అనుమతి రద్దు చేయగానే అంతా అయిపోయినట్టు చూపించడం మోసమే అవుతుంది, అప్పటికే అవతలివాళ్లు దింపుకున్న కాపీ వెనక్కి రాదు. ఆ సంగతి తెలుగులో, ఒప్పుకునే ముందే చెప్పాలి.

చట్టం మాత్రం ఇంకా సగం దారిలోనే ఉంది. ఆరోగ్య సమాచారం కోసమే ప్రత్యేకంగా 2018లో తెచ్చిన దిశా ముసాయిదా చట్టం కాలేదు. 2011 నాటి ఐటీ నిబంధనల్లో మెడికల్ రికార్డు సున్నితమైన సమాచారం కింద ఉంది, 2023 డిజిటల్ వ్యక్తిగత డేటా చట్టంలో ఆ వర్గమే లేదు. దాని నియమాలు 2025 నవంబరులో వచ్చాయి, ప్రధాన బాధ్యతలు అమల్లోకి రావడానికి 18 నెలల గడువిచ్చారు. అనుమతి ఇవ్వడం ఎంత సులువో వెనక్కి తీసుకోవడమూ అంతే సులువుగా ఉండాలని ఆ చట్టం అంటుంది, అది మంచిదే. అయితే మన సమాచారం గురించి అడిగితే ఇవ్వాల్సింది సారాంశం. స్కాన్ ఫిల్ము, ల్యాబు రిపోర్టు ఉన్నదున్నట్టు కాపీ ఇవ్వాలన్న మాట అందులో లేదు. ఓపీ రికార్డును కూడా డాక్టరు 3 సంవత్సరాలు ఉంచాలని, మూడేళ్లలో రికార్డులన్నీ డిజిటల్ చేయాలని, భారత వైద్య మండలి స్థానంలో వచ్చిన జాతీయ వైద్య కమిషన్ 2023 ఆగస్టులో కొత్త నిబంధనలు తెచ్చింది. మందుల చీటీ మీద కంపెనీ పేరు కాకుండా జనరిక్ పేరే రాయాలనడంతో పాటు మరెన్నో అంశాల మీద డాక్టర్ల సంఘాల నుంచి అభ్యంతరాలు రావడంతో అదే నెల 23న వాటిని మొత్తంగా పక్కన పెట్టి, 2002 నాటి నియమావళినే మళ్లీ అమల్లోకి తెచ్చారు. జనరిక్ మందుల చీటీ మీద గొడవలో ఓపీ పేషెంటు కాగితం కూడా కొట్టుకుపోయింది. ఆ ఒక్క నిబంధనను విడిగానైనా తిరిగి తీసుకురమ్మని అడగాల్సింది రోగుల సంఘాలే కాదు, ఈ యాప్‌లు కడుతున్న కంపెనీలు కూడా.