హీలియం పుట్టిల్లు గుంటూరేనా? పసుపు గీత మీద పాత పేచీ

ఆగస్టు 18 వస్తే చాలు, 'హీలియంను కనుగొన్నది మన గుంటూరులోనే' అన్న పోస్టు మళ్లీ ఫోన్లలో తిరుగుతుంది. 1868లో అదే రోజు వచ్చిన సంపూర్ణ సూర్యగ్రహణం, దాన్ని చూడటానికి ఫ్రాన్స్ నుంచి ఖగోళవేత్త జాన్సెన్ గుంటూరు రాక తెలిసిన కథే. సూర్యుడి వెలుగులో కనిపించిన ఒక పసుపు గీతే హీలియం తొలి గుర్తు, దాన్ని ముందు పట్టిందెవరన్నదే పేచీ. పేచీ తెగకపోవడానికి కారణం మాత్రం ఫొటో ప్లేటు.

ఆ రోజు గుంటూరులోనే ఉన్న బ్రిటిష్ అధికారి టెనెంట్ బృందం గ్రహణాన్ని ఫొటోలు తీసింది. వర్ణపటాన్ని, అంటే వెలుగును రంగులుగా విడదీసిన పట్టీని, మాత్రం కంటితోనే చూశారు. ప్లేటు పెట్టినా ఆ పసుపు గీత పడేది కాదు. అప్పట్లో ప్లేటు మీద పూసే తడి కొలోడియన్ పూతకు నీలం, ఊదా వెలుగే అంటేది. పసుపు దానికి చీకటితో సమానం. పూతలో రంగు కలిపితే ప్లేటుకు ఆ వెలుగూ అందుతుందని జర్మన్ రసాయనవేత్త వోగెల్ చూపింది 1873లో. 1896లో షాకిల్టన్ ఆర్కిటిక్ దీవి నోవయా జెమ్లియాలో ఫ్లాష్ స్పెక్ట్రమ్‌ను (సూర్యుడు పూర్తిగా మరుగయ్యే క్షణంలో మెరిసే గీతల వర్ణపటాన్ని) ప్లేటుకెక్కించాక సంగతి మారింది. వెలుగును సన్నగా పంపే చీలిక, స్లిట్, అక్కర్లేదు, సన్నటి సూర్యరేఖే స్లిట్. ఒక్కో గీత ఒక్కో వంపుగా పడుతుంది, వంపు పొడవును బట్టి ఆ వాయువు ఎంత ఎత్తుదాకా ఉందో లెక్క కట్టవచ్చు. ఒకటి రెండు సెకన్లు ఆలస్యమైతే మాత్రం అంతా పోయినట్టే.

1868లో సాక్ష్యం కన్ను ఒక్కటే. 'డి' అని పిలిచే సోడియం పసుపు గీతల జంట 589.0, 589.6 నానోమీటర్లు, హీలియం గీత 587.6. పైగా సంపూర్ణ గ్రహణంలో పోల్చుకోవడానికి ఉండాల్సిన, మామూలు సూర్యకాంతిలో కనిపించే నల్ల గీతలే మాయమవుతాయి. ఉన్నదల్లా స్కేలు, ఆరు నిమిషాల లోపు వ్యవధి. అందుకే చాలామంది 'డి' అని రాసేసుకున్నారు. మచిలీపట్నంలో ఉన్న మద్రాసు అబ్జర్వేటరీ ఖగోళవేత్త పాగ్సన్ మాత్రం ఆ గీత డి దగ్గరైనా కావచ్చు, సరిగ్గా డి కాకపోవచ్చు అని సందేహం మిగిల్చాడు. ఆ నివేదిక మద్రాసులో అచ్చయింది, యూరప్ పత్రికలకు ఎక్కలేదు. పోస్టుల్లోనూ ఆయన పేరుండదు.

జాన్సెన్ పట్టించుకున్నది ముఖ్యంగా హైడ్రోజన్ గీతలను. ఆయన అసలు ఘనత మర్నాటిది: ఆగస్టు 19న గ్రహణం లేకుండానే సౌరజ్వాలల (సూర్యుడి అంచున ఎగిసే వాయువుల) గీతలు చూశాడు. ఈ పద్ధతిలో ఆకాశపు వెలుగు వల్ల నల్ల డి గీతలు పక్కనే నిలబడతాయి, తేడా కంటికే తెలుస్తుంది. లండన్‌లో ఖగోళవేత్త లాకియర్ సొంతంగా ఇదే పద్ధతి పట్టుకుని, అక్టోబరు 20న పసుపు గీత డి కాదని తేల్చాడు. హీలియం అన్న పేరు కూడా ఆయన వైపు నుంచే వచ్చింది. గుంటూరుకు నికరంగా దక్కేది ఆగస్టు 19.