మీడియాతో సంబంధాలు: సంస్థల్లో వినిపించే అపోహలు, అసలు వాస్తవాలు

ఆస్పత్రి కానీ, కాలేజీ కానీ, స్వచ్ఛంద సంస్థ కానీ, కొత్తగా చేరిన పీఆర్వోకి (పౌర సంబంధాల అధికారికి) యాజమాన్యం చెప్పే మొదటి మాట ఒకటే: "మీడియాలో మనకు అందరూ తెలుసండీ." తెలిసే ఉంటారు. అయితే పని పడేది వాళ్లతో కాదు.

అపోహ: హైదరాబాద్‌లో ఎడిటర్ తెలిస్తే చాలు.

వాస్తవం: 1989లో ఈనాడు జిల్లా పత్రికలు మొదలుపెట్టింది. మిగతా పత్రికలూ అదే దారి పట్టాయి. అప్పటి నుంచి ఊరి వార్త రాసేది మండల విలేకరి, ఉంచాలో తీసేయాలో తేల్చేది జిల్లా డెస్కులోని సబ్ ఎడిటర్. పైనుంచి ఫోన్ చేయిస్తే ఆ రోజుకి సింగిల్ కాలమ్ పడుతుందేమో. తనను దాటి వెళ్లారన్న సంగతి మాత్రం విలేకరి అంత త్వరగా మరిచిపోడు.

అపోహ: ప్రెస్‌నోట్ వాట్సాప్ గ్రూపులో పెట్టేస్తే మన పని అయిపోయినట్టే.

వాస్తవం: ఎక్కువ వార్తలు ఆగిపోయేది ఇక్కడే. లెటర్‌హెడ్ మీద ప్రింటు తీసి, సంతకం పెట్టి, దాన్ని ఫొటో తీసి పంపుతారు. డెస్కులో ఎవరో ఒకరు అదంతా మళ్లీ టైప్ చేయాలి. ఎడిషన్ టైమ్‌లో ఎవరికుంటుంది ఆ ఓపిక? డీటీపీ వాళ్లు వాడే అను ఫాంట్లలో కొట్టిన ఫైలు పంపితే, ఆ ఫాంటు లేని ఫోన్లో ఒక్క అక్షరం కూడా అర్థం కాదు. ఏ ఫోన్లోనైనా కనిపించే యూనికోడ్‌లో టైప్ చేసి మెసేజ్‌గానే పంపండి.

ఇక మొదటి వాక్యం. "గౌరవనీయులైన చైర్మన్ గారి దిశానిర్దేశంలో, సమాజ సేవే పరమావధిగా..." అని మొదలైన నోట్‌లో అసలు సంగతి ఐదో లైనులో ఉంటుంది. సబ్ ఎడిటర్ అక్కడిదాకా రాడు. ఇలా మొదలుపెట్టి చూడండి: "ఈ ఆదివారం ఉదయం 9 నుంచి జడ్పీ హైస్కూల్లో ఉచిత కంటి పరీక్షలు చేస్తారు. పాత కళ్లజోడు, మందుల చీటీ ఉంటే వెంట తెచ్చుకోవాలి." చైర్మన్ గారి పేరు మూడో పేరాలో వస్తుంది. ఈ విషయం ఆయనకు నచ్చజెప్పడమే పీఆర్వో ఉద్యోగంలో సగం!

ఫొటో సంగతీ అంతే. జ్యోతి ప్రజ్వలన చుట్టూ పదకొండు మంది నిలబడిన ఫొటో ఎవరికీ అక్కర్లేదు. పరీక్ష చేయించుకుంటున్న పెద్దావిడ ఫొటో, ఆవిడను అడిగి తీసింది, ఒకటి చాలు. క్వాలిటీ పోకుండా డాక్యుమెంట్‌గా పంపండి. ఎడమ నుంచి ఎవరెవరో ఇంటిపేర్లతో సహా రాయండి.

అపోహ: యాడ్ ఇస్తున్నాం కాబట్టి వార్త వేయాల్సిందే.

వాస్తవం: చాలాచోట్ల యాడ్ అడిగేదీ, వార్త రాసేదీ ఒకే మనిషి కావడంతో ఈ గందరగోళం. అయినా రెండు మాటలూ ఒకే ఫోన్లో మాట్లాడకండి. 2009 ఎన్నికల తర్వాత పెయిడ్ న్యూస్‌పై (డబ్బు తీసుకుని వేసే వార్తలపై), పత్రికల మీద ఫిర్యాదులు వినే ప్రెస్ కౌన్సిల్ వేసిన ఇద్దరు సభ్యుల ఉపసంఘంలో ఒకరు మన తెలుగు జర్నలిస్టు కె.శ్రీనివాసరెడ్డి. సమస్య అంత దూరం వెళ్లింది. డబ్బిచ్చి వేయించుకున్న వార్తను పాఠకుడు కూడా ఇట్టే పసిగడతాడు.

అపోహ: గొడవ జరిగినప్పుడు ఫోన్ ఎత్తకపోతే వార్త చల్లబడుతుంది.

వాస్తవం: చల్లబడదు, మీ మాట లేకుండా వస్తుంది. 2015 మేలో మ్యాగీలో సీసం ఉందన్న వార్త దేశమంతా మారుమోగింది. దాన్ని తయారుచేసే నెస్లే అంతర్జాతీయ సీఈవో పాల్ బుల్కే ఢిల్లీలో విలేకరుల ముందుకొచ్చింది జూన్ 5న. అదే రోజు ఆహార భద్రతా సంస్థ ఎఫ్ఎస్ఎస్ఏఐ సరుకంతా వెనక్కి తీసుకోమంది. ఆగస్టులో బాంబే హైకోర్టు ఆ ఉత్తర్వును కొట్టేసింది. కోర్టులో ఊరట దొరికినా, మ్యాగీ మళ్లీ షాపులకు వచ్చేసరికి నవంబరైంది.

మన స్థాయిలో చూద్దాం. ఆస్పత్రిలో రోగి చనిపోయారు, బంధువులు గేటు దగ్గర కూర్చున్నారు, సాయంత్రం ఆరింటికి విలేకరి ఫోన్. ఇలా చెప్పండి: "రోగి మధ్యాహ్నం 2 గంటలకు చేరారు. కుటుంబానికి మా సానుభూతి. ఏం జరిగిందో విచారిస్తున్నాం. రాత్రి 8కి సూపరింటెండెంట్ మాట్లాడతారు." ఇంత చాలు. తెలియనిది తెలియదనే చెప్పండి. రోగి జబ్బు వివరాలు మాత్రం బయటపెట్టకూడదు. ఎనిమిదింటికి సూపరింటెండెంట్ నిజంగానే కెమెరాల ముందు ఉండాలి, అక్కడే చాలామంది పరువు పోగొట్టుకుంటారు.

అపోహ: ఆఫ్ ది రికార్డ్ అన్నాం కదా, ఏం చెప్పినా ఫరవాలేదు.

వాస్తవం: చెప్పేశాక "ఇది రాయకండి" అంటే కుదరదు. రాయనని విలేకరి ముందే ఒప్పుకోవాలి. బాగా పరిచయం లేని విలేకరితో అసలే వద్దు.

అపోహ: తప్పుడు వార్త వస్తే వెంటనే లీగల్ నోటీసు పంపాలి.

వాస్తవం: ముందు విలేకరికి ఫోన్ చేయండి. చాలావరకు అక్కడే తేలిపోతుంది. తేలకపోతే ఎడిటర్ పేరిట ఖండన రాయండి: ఏ తేదీ, ఏ పేజీ, ఏ వాక్యం తప్పు, నిజమేమిటి, దానికి ఆధారం. నాలుగు పేజీల ఆవేశం వద్దు. ఎడిటర్ పేరు ప్రతి సంచికలోనూ అచ్చవుతుంది, వెతుక్కోనక్కర్లేదు. అక్కడా పని జరగకపోతే ప్రెస్ కౌన్సిల్‌కు వెళ్లొచ్చు, దినపత్రికైతే వార్త వచ్చిన రెండు నెలల్లోపు. ముందు ఎడిటర్‌కు రాసి ఉండాలన్నది అక్కడి నిబంధన, కాబట్టి ఆ ఉత్తరం కాపీ దాచుకోండి. టీవీ చానళ్లు మాత్రం ప్రెస్ కౌన్సిల్ పరిధిలోకి రావు, వాటిపై ముందు ఆ చానల్‌కే రాతపూర్వకంగా ఫిర్యాదు చేయాలి.