ఈసీ కోళ్ల షెడ్డులో టెంపరేచర్ అలారం: అపోహలు – వాస్తవాలు

వరంగల్, కరీంనగర్ చుట్టుపక్కల బ్రాయిలర్ ఈసీ షెడ్లకు (లోపలి వేడి, గాలి మెషిన్లతో నడిపే మూసిన షెడ్లు) కంట్రోలర్లు (వేడిని బట్టి ఫ్యాన్లు, ప్యాడ్లు, అలారం నడిపే డబ్బాలు) బిగించి సెట్టింగులు పెట్టడం నా పని. ఫ్యాన్ల గురించి, కూలింగ్ ప్యాడ్ల గురించి గుచ్చి గుచ్చి అడిగే రైతులే అలారం దగ్గరికి వచ్చేసరికి "ఏదో ఒకటి పెట్టెయ్ అన్నా" అంటారు. నాలుగు వైపులా మూసిన షెడ్డులో కోడికి గాలి ఫ్యాన్ల వల్లే వస్తుంది. అందుకే ఆ మాట నాకు మింగుడుపడదు.

అపోహ: హై అలారం (వేడి ఎక్కువైతే మోగేది) 36 డిగ్రీలకు పెడితే బ్యాచ్ మొత్తానికి సరిపోతుంది.

వాస్తవం: మొదటిరోజు పిల్లకు 32–33 డిగ్రీలు కావాలి. వారానికి సుమారు 3 డిగ్రీలు తగ్గిస్తూ ఐదో వారానికి 21–22కు తెస్తాం. 36 అనేది చిన్న పిల్లలకు సరే. రెండు కిలోల కోడి మాత్రం ఆ సైరన్ మోగేసరికే నోరు తెరిచి రొప్పుతుంటుంది, దానికి చెమట పట్టదు కదా. లో అలారం (వేడి తగ్గితే మోగేది) 20 అని వదిలేసినా ఇదే గతి. బ్రూడింగ్‌లో (చిన్న పిల్లలకు వేడి ఇచ్చే రోజుల్లో) రాత్రిపూట గ్యాస్ అయిపోయి 26కు పడిపోయినా చప్పుడుండదు, పిల్లలు ఒకదాని మీద ఒకటి ఎక్కి నలిగిపోతాయి. సెట్ పాయింటుకు (షెడ్డులో ఉండాలని మనం పెట్టుకున్న టెంపరేచర్) ఇన్ని డిగ్రీలు పైన, ఇన్ని కింద అని పెట్టే ఆప్షన్ మీ కంట్రోలర్‌లో ఉంటే అదే వాడండి. సెట్ పాయింట్ దిగేకొద్దీ అలారం కూడా దానంతటదే దిగుతుంది.

అపోహ: ఎండాకాలంలో ఊరికే మోగుతుంది, ఆఫ్ చేసుడే మేలు.

వాస్తవం: మే నెలలో బయట 44 ఉంటే ప్యాడ్లు తడిసినా లోపల 28–30 కంటే దిగడం కష్టం. సెట్ పాయింట్ 22 ఉన్నప్పుడు అలారం మోగకుండా ఎలా ఉంటుంది? బయటి సెన్సర్‌ను బట్టి హై అలారం పైకి జరిగే సెట్టింగ్ చాలా కంట్రోలర్లలో ఉంటుంది, అది ఆన్ చేయండి. దాంతోపాటు ఎట్టి పరిస్థితిలోనూ దాటకూడని హద్దు ఒకటి విడిగా పెట్టండి.

అపోహ: కరెంటు పోతే కంట్రోలరే చెప్తుంది.

వాస్తవం: అది నడిచేదీ కరెంటుతోనే. అంతా బాగున్నంతసేపు అలారం రిలే (కరెంటుతో పట్టుకుని ఉండే స్విచ్) పట్టి ఉండాలి. కరెంటు పోయినా, కంట్రోలర్ ఆగిపోయినా, ఎలుక వైరు కొరికినా రిలే వదిలేసి సైరన్ మోగాలి. సైరన్‌కు సొంత బ్యాటరీ తప్పనిసరి. నేను చూసిన చాలా షెడ్లలో ఈ వైరింగ్ తలకిందులుగా ఉంది. రోహిణి కార్తెలో పెద్ద కోళ్లున్నప్పుడు ఫ్యాన్లు ఆగితే అరగంట గడవకముందే చావులు మొదలవుతాయి. జనరేటర్ ఆటోమేటిక్‌దే కావచ్చు, అది స్టార్ట్ కాని రోజు కోసమే సైరన్. కంట్రోలర్‌తో సంబంధం లేని మామూలు థర్మోస్టాట్ (వేడిని బట్టి పనిచేసే స్విచ్) ఒకటి కోళ్ల మధ్య వేలాడదీసి అదే సైరన్‌కు కలపమని ప్రతి రైతుకూ చెప్తాను.

ఫోనుకు మెసేజ్ వస్తుంది కదా అంటారు. సిమ్ రీఛార్జ్ అయిపోతే రాదు. షెడ్డు దగ్గర పడుకునే మనిషికి సైరన్ వినబడాలి.

ఇక సెన్సర్లు. కోడి వీపు ఎత్తులో ఉండాలి, బ్రూడర్‌కు, ప్యాడ్‌కు దూరంగా. అన్ని సెన్సర్ల సగటు ఒక్కదాని మీదే అలారం పెట్టకండి. ప్యాడ్ వైపు 26, ఫ్యాన్ల వైపు 34 ఉన్నా స్క్రీన్ మీద 30 అనే కనిపిస్తుంది. బ్యాచ్ దింపేముందు ప్రతి సెన్సర్‌ను ప్లాస్టిక్ కవర్లో చుట్టి, దంచిన ఐసు కలిపిన నీళ్లలో ముంచితే 0 దగ్గర చూపాలి. తర్వాత వేడినీళ్లలో పెట్టి సైరన్ మోగేదాకా ఆగండి. కరెంటు మెయిన్ స్విచ్ కూడా ఒకసారి దించి సైరన్ మోగుతుందో చూడండి, షెడ్డు ఖాళీగా ఉన్నప్పుడే.