బొగ్గుల గ్రిల్ మీద రొటిసరీ: అపోహలు - వాస్తవాలు

పన్నెండేళ్లుగా పెరట్లో బొగ్గుల గ్రిల్ మీద చువ్వ తిప్పుతున్నాను. కొత్తగా రొటిసరీ (మాంసం గుచ్చిన చువ్వని నిప్పు సెగలో మోటారుతో తిప్పే పరికరం) కొన్నవాళ్లు నన్ను అడిగేవి చాలావరకు మోటారు గురించే. ఎంత బరువు మోస్తుంది, ఎంత వేగంగా తిరుగుతుంది, చప్పుడు చేస్తుందా అని. కానీ మాంసం బాగా కాలుతుందా లేదా అన్నది మోటారు ఆన్ చేయకముందే సగానికి పైగా తేలిపోతుంది. చువ్వ మీద తూకం కుదిరిందా, నిప్పు ఎక్కడ పోశాం: ఈ రెండూ సరిగ్గా ఉంటే మిగతాది కష్టం కాదు. ఎక్కువ మంది పొరబడేదీ ఇక్కడే.

అపోహ: తిప్పేది మోటారే కదా, మాంసం ఎలా గుచ్చినా ఫర్వాలేదు.

చాలా ఫర్వా ఉంది. బరువు ఒక పక్కకు ఎక్కువైతే మోటారు ఆ పక్కను నెమ్మదిగా, కష్టపడి పైకి లేపుతుంది. పైకొచ్చాక అది ఒక్కసారిగా దబ్బున కిందికి పడుతుంది. అంటే ఒక వైపు నిప్పుకి ఎక్కువసేపు ఎదురుగా ఉంటుంది, రెండో వైపు చటుక్కున దాటిపోతుంది. ఫలితంగా ఒక పక్క మాడుతుంది, ఇంకో పక్క పాలిపోయి ఉంటుంది. పైగా ఆ కుదుపులకి మోటారు లోపలి గేర్లు అరిగిపోతాయి.

తూకం చూడటానికి పెద్ద విద్యేమీ అక్కర్లేదు. మాంసం గుచ్చాక చువ్వ రెండు చివర్లనూ రెండు అరచేతుల్లో వదులుగా ఆనించండి. బరువైన వైపు తనంతట తానే కిందికి తిరుగుతుంది. అప్పుడు చువ్వ తీసి, ఈసారి కొంచెం ఆ బరువు వైపుకి జరిపి మళ్లీ గుచ్చండి. తిప్పి ఏ వైపు వదిలినా అక్కడే నిలబడితే తూకం కుదిరినట్టు. చువ్వతో పాటు తూకపు దిమ్మ వచ్చి ఉంటే దాన్ని బరువుకి ఎదురు వైపు బిగించాలి. అయినా ముందు మాంసాన్ని సరిచేసి, మిగిలిన కొద్ది తేడాకే దిమ్మ వాడటం మంచిది.

కోడిని దారంతో కట్టడం కూడా తూకంలో భాగమే. ఒకసారి కాళ్లు కట్టిన ముడి సరిగ్గా బిగించకుండా మూత వేశాను. అరగంట తర్వాత లోపలి నుంచి టప్... టప్... అని చప్పుడు, చుట్టుకి ఒకసారి చొప్పున. మూత తీసి చూస్తే ఒక కాలు ఊడి వేలాడుతూ, కారే కొవ్వు కోసం కింద పెట్టిన ట్రే అంచుకి కొట్టుకుంటోంది. దాని కొస నల్లగా బొగ్గైపోయింది. రొమ్ము మీద చర్మానికి మాత్రం ఇంకా రంగే రాలేదు. అప్పటి నుంచి చువ్వని గ్రిల్ మీద పెట్టే ముందు గట్టిగా ఊపి చూస్తాను. రెక్క గానీ కాలు గానీ కదిలితే మళ్లీ కడతాను. దారం నూలుదే వాడండి, నైలాన్ అయితే కరిగిపోతుంది. మాంసాన్ని రెండు వైపులా చువ్వకి పట్టి ఉంచే ముళ్ల స్క్రూలు చేత్తో కాకుండా పట్టకారుతో బిగించండి. కాలేకొద్దీ మాంసం కుంచించుకుపోతుంది, పట్టు వదులవుతుంది. కాబట్టి మధ్యలో ఒకసారి చూసుకోవాలి.

అపోహ: నిప్పు సరిగ్గా మాంసం కింద ఉంటేనే బాగా కాలుతుంది.

కరిగిన కొవ్వు కారేది సరిగ్గా అక్కడికే. అది నిప్పుల మీద పడితే గుప్పుమని మంట లేస్తుంది, చర్మానికి మసి పట్టి చేదెక్కుతుంది. బొగ్గుల్ని రెండు పక్కలా రెండు కుప్పలుగా పోసి, మధ్యలో మాంసం కింద ఒక ట్రే పెట్టండి. ట్రేలో కాసిని నీళ్లు పోస్తే కారిన కొవ్వు మాడి పొగ రాదు. మూత వేస్తే పక్కల నుంచి నేరుగా వచ్చే సెగతో పాటు లోపల తిరిగే వేడి గాలి కూడా పని చేస్తుంది. తిరిగే మాంసంలో ప్రతి భాగం కాసేపు సెగకి ఎదురై, కాసేపు పక్కకి తప్పుకుంటుంది. అందుకే పైన రంగు వచ్చేలోపు లోపలికి నెమ్మదిగా వేడి చేరుతుంది. రొటిసరీలో ఉన్న గొప్పతనమంతా ఇదే.

అపోహ: మంటలు లేస్తుంటేనే బొగ్గు వేడిగా ఉన్నట్టు.

మనకు కావలసింది నివురు గప్పిన నిప్పు. చిమ్నీ స్టార్టర్‌లో (బొగ్గు అంటించడానికి వాడే గొట్టం లాంటి ఇనుప డబ్బాలో) అంటించిన బొగ్గుకి 15-20 నిమిషాల్లో బూడిద రంగు పొర పడుతుంది. గ్రిల్‌లో పోయాల్సింది అప్పుడు. అంటించడానికి ద్రవం వాడితే అది పూర్తిగా కాలిపోయేదాకా మాంసం దగ్గరికి తేకండి, ఆ వాసన పట్టుకుంటే వదలదు. నిప్పు రాజుకున్నాక మాత్రం ఆ ద్రవం ఎట్టి పరిస్థితుల్లోనూ పోయకూడదు.

వేడి బయటికి పోతోందని గాలి రంధ్రాలు మూసేసేవాళ్లు కూడా ఉన్నారు. గాలి అందకపోతే నిప్పు చల్లబడుతుంది. వేడి పెరగాలంటే రంధ్రాలు తెరవాలి, తగ్గాలంటే కొంచెం మూయాలి. ఎంత తెరిచినా వేడి పెరగకపోతే అడుగు రంధ్రాల్లో బూడిద పేరుకుందేమో చూడండి. కిలోన్నర కోడికి గంట నుంచి గంటంబావు పడుతుంది. 45వ నిమిషం దగ్గర, విడిగా అంటించి ఉంచుకున్న నిప్పులు కొన్ని రెండు పక్కలా వేస్తే చివర్లో టెన్షన్ ఉండదు.

అపోహ: మొదట్లోనే గట్టిగా కాలిస్తే రసం లోపలే సీల్ అయిపోతుంది.

1840లలో యూస్టస్ ఫాన్ లీబిగ్ అనే జర్మన్ రసాయన శాస్త్రవేత్త ప్రచారంలోకి తెచ్చిన అభిప్రాయం ఇది. తర్వాతి ప్రయోగాల్లో నిలబడలేదు, కానీ వంటింట్లో మాత్రం ఇంకా బతికే ఉంది. కాలిన పొర నీళ్లని ఆపలేదు. సుయ్‌మని వినిపించే ఆ చప్పుడే లోపలి తడి బయటికొచ్చి ఆవిరవుతున్న చప్పుడు. పైన ఎర్రగా కాల్చడం రుచి కోసం, సువాసన కోసం. రసం మిగిలేది ఉప్పు ముందుగా పట్టించడం వల్ల, సరైన వేడి దగ్గర దించడం వల్ల.

అపోహ: ఎన్ని ఎక్కువ గంటలు నానబెడితే మసాలా అంత లోపలికి దిగుతుంది.

లోతుగా దిగేది ఉప్పు. మిగతావి చాలావరకు పైన కొన్ని మిల్లీమీటర్ల దగ్గరే ఆగిపోతాయి. పులుపు ఎక్కువసేపు ఉంచితే పై పొర మెత్తగా పిండిలా అవుతుంది. నేను ముందురోజు రాత్రి ఉప్పు రాసి, పైన ఏమీ కప్పకుండా ఫ్రిజ్‌లో ఉంచుతాను. తెల్లారేసరికి చర్మం కాగితంలా పొడిగా అవుతుంది. కరకరలాడే చర్మం కావాలంటే ఆ పొడిదనమే ముఖ్యం. తేనె, చక్కెర ఉన్న పూతలు చివరి పది నిమిషాల్లోనే రాయాలి, ముందే రాస్తే మాడతాయి.

అపోహ: మాటిమాటికీ నూనె రాయాలి.

అక్కర్లేదు. కరిగిన కొవ్వు వెంటనే కారిపోకుండా మాంసంతో పాటే చుట్టూ తిరుగుతుంది. మూత తీసిన ప్రతిసారీ పోయేది వేడి.

అపోహ: వేగంగా తిరిగితే సమంగా కాలుతుంది.

ఇంటి మోటార్లు చాలావరకు నిమిషానికి రెండు నుంచి ఆరు చుట్లు తిరుగుతాయి. అది చాలు.

అపోహ: రసం తేటగా వస్తే ఉడికినట్టు, ఎముక దగ్గర ఎరుపు ఉంటే పచ్చి.

ఈ విషయంలో నేను అస్సలు రాజీపడను. రంగు రెండు వైపులా మోసం చేస్తుంది. పూర్తిగా ఉడికిన కోడిలోనూ ఎముక పక్కన ఎరుపు ఉండొచ్చు, ఉడకని దాంట్లోనూ రసం తేటగా రావచ్చు. థర్మామీటర్ ఒక్కటే దారి. అమెరికా వ్యవసాయ శాఖ కోడికి చెప్పే కొలత 74 డిగ్రీల సెల్సియస్. గొర్రె, పంది, గొడ్డు మాంసం కోయని పెద్ద ముక్కలకైతే 63, ఆపైన కనీసం మూడు నిమిషాలు అలా వదిలేయాలి. మోటారు ఆపి, రొమ్ములో మందంగా ఉన్న చోట, తొడ లోపలి వైపు, రెండు చోట్లా చూడండి. మొన ఎముకకి గానీ చువ్వకి గానీ తగిలితే లెక్క తప్పుతుంది. తొడ 80 దాకా వెళ్లినా భయం లేదు, ఇంకా మెత్తగా ఉంటుంది.

అపోహ: నిప్పు ఆరినట్టు కనిపిస్తే గ్రిల్‌ని లోపలికి తెచ్చేయొచ్చు.

వద్దు. పైకి చల్లారినట్టున్న బొగ్గు కూడా గంటల తరబడి కార్బన్ మోనాక్సైడ్ వదులుతుంది. దానికి రంగూ వాసనా లేవు, ప్రాణం తీస్తుంది. వాన పడుతున్నా సరే గదిలోకి, గ్యారేజీలోకి తేకండి. వంట అయ్యాక పైనా కిందా రంధ్రాలన్నీ మూసి బయటే వదిలేయండి. బూడిదని కనీసం మర్నాటి దాకా ముట్టుకోకుండా ఉంచి, మూత ఉన్న ఇనుప డబ్బాలోకి ఎత్తండి. ప్లాస్టిక్ బకెట్‌లోకి మాత్రం వద్దు. నివురు కింద ఒక్క కణిక మిగిలినా బకెట్‌ని కరిగించేస్తుంది.