అసలైన చైనా హోటల్‌ను గుర్తుపట్టడం: అపోహలు - వాస్తవాలు

ఏళ్ల తరబడి కాంటనీస్ వంటశాలలో, అంటే దక్షిణ చైనాలోని గ్వాంగ్‌డాంగ్ ప్రాంతపు వంట చేసే చోట, వోక్ అనే గుండ్రటి లోతైన బాణలి ముందు నిలబడి పనిచేస్తున్నాను. ఇంటిల్లిపాదీ కలిసి భోజనానికి వెళ్లాలనుకున్నప్పుడల్లా తెలిసినవారు నన్ను అడిగేది ఒకటే: "అసలైన చైనా హోటల్ ఏది?" నేను తిరిగి అడిగేదీ ఒకటే: "చైనాలో ఏ ప్రాంతపు వంట కావాలి?"

అపోహ: చైనా వంటంతా ఒకటే.

వాస్తవం: చైనీయులే తమ వంటను ఎనిమిది ప్రధాన సంప్రదాయాలుగా చెప్పుకుంటారు: షాన్‌డాంగ్, సిచువాన్, గ్వాంగ్‌డాంగ్, జియాంగ్సు, జెజియాంగ్, ఫూజియాన్, హునాన్, అన్హుయి. ఉత్తరాన గోధుమది పైచేయి, దక్షిణాన వరిది. అందుకే మెనూ ఎంత పొడవుందని చూడకండి. కాంటనీస్ హోటళ్లలో అది పొడవుగానే ఉంటుంది. అందులోని వంటకాలు ఒక ప్రాంతానికి చెందినవా, నాలుగు దేశాల నుంచి ఏరి తెచ్చినవా అన్నది చూడండి. తాము ఏ ప్రాంతపు వంట చేస్తారో తడుముకోకుండా చెప్పగలిగిన చోటికి నేను ధైర్యంగా పంపుతాను.

అపోహ: నోరు మండితేనే అది అసలైన చైనా వంట.

వాస్తవం: మిరప అమెరికా ఖండాల నుంచి వచ్చిన పంట. చైనా గ్రంథాల్లో అది కనిపించేది 16వ శతాబ్దం చివర్లోనే. సిచువాన్, హునాన్ వంటల్లో కారం ఎక్కువన్నది నిజమే. అయితే సిచువాన్ వంటకు అసలు గుర్తు మంట కాదు, తిమ్మిరి. సిచువాన్ మిరియం అని పిలిచేది నిజానికి మిరియమే కాదు, నిమ్మ కుటుంబానికి చెందిన ఒక చెట్టు కాయల పొట్టు. సిచువాన్ రాజధాని చెంగ్డూలో పుట్టిన మాపో తోఫు (తోఫు అంటే సోయా పాలతో చేసే పనీర్ లాంటిది) తింటే పెదవులు జుమ్మనాలి. కారం మాత్రమే తగిలి, ఆ జుమ్మనడం లేకపోతే ముఖ్యమైన దినుసును వదిలేశారన్నమాట.

కాంటనీస్ వంట దారే వేరు. దాన్ని పరీక్షించాలంటే ఆవిరి మీద ఉడికించిన చేపను, తల తోకలతో సహా తెమ్మనండి. ఓ మోస్తరు చేపకు ఎనిమిది నుంచి పది నిమిషాలు చాలు. ఆవిరి నుంచి తీయగానే పళ్లెంలో చేరిన నీటిని పారబోస్తాం, నీచువాసనంతా అందులోనే ఉంటుంది. సన్నగా తరిగిన అల్లం, ఉల్లికాడలు పైన పరచి, పొగలు కక్కే నూనె పోస్తాం. చుయ్‌మన్న ఆ చప్పుడుతోనే ఉల్లికాడల వాసన పైకి లేస్తుంది. ఆ తర్వాత సోయా సాస్‌ను చేప మీద కాకుండా పక్కగా పోస్తాం. సరిగ్గా ఉడికిన చేపలో వెన్నెముకను అంటిన కండ చాప్‌స్టిక్‌తో తాకగానే విడివడుతుంది. ఒక్క నిమిషం ఎక్కువైనా పీచుపీచుగా తయారవుతుంది. చేప తాజాది కాకపోతే దాన్ని కప్పిపెట్టడానికి ఇందులో మసాలా ఏదీ ఉండదు. ఒక వంటశాల నిజాయితీని తేల్చడానికి ఇంతకంటే మంచి వంటకం నాకు తెలియదు.

అపోహ: ఎర్ర లాంతర్లు, డ్రాగన్ బొమ్మలు ఉంటే అసలైన హోటలే.

వాస్తవం: అలంకరణకూ వంటకూ సంబంధం లేదు. చుట్టుపక్కల బల్లల మీద ఏమున్నాయో చూడండి.

అపోహ: తీపి పులుపు కలిసిన వంటకాలన్నీ విదేశీయుల కోసం కల్పించినవి.

వాస్తవం: గ్వాంగ్‌డాంగ్‌లో గులావ్ రౌ అనే తీపి పులుపు పంది మాంసం ఇంటింటా తెలిసినదే. లోపల జోస్యం చీటీ పెట్టే బిస్కెట్, ఫార్చ్యూన్ కుకీ మాత్రం చైనాది కాదు. దాని మూలాలు జపాన్‌లో ఉన్నాయి, పేరు వచ్చింది అమెరికాలో.

అపోహ: అజినొమోటో వేసే హోటల్‌కు పిల్లలను తీసుకెళ్లకూడదు.

వాస్తవం: జపాన్ శాస్త్రవేత్త కికునే ఇకెడా 1908లో సముద్రపు నాచు నుంచి ఈ రుచినిచ్చే గ్లూటమేట్‌ను వేరుచేశారు. దీనిపై భయం 1968లో అమెరికా వైద్య పత్రికలో అచ్చయిన ఒక లేఖతో మొదలైంది. అమెరికా ఆహార, ఔషధ నియంత్రణ సంస్థ దీన్ని సాధారణంగా సురక్షితమైన పదార్థాల్లోనే చేర్చింది. టమాటాలోనూ సహజంగా ఉండేది ఈ గ్లూటమేటే. నేనైతే సోయా సాస్‌లోని ఉప్పు గురించి హెచ్చరిస్తాను. రక్తపోటు ఉన్న పెద్దలు వస్తుంటే ఆర్డర్ ఇచ్చేటప్పుడే చెప్పండి, తగ్గించి చేస్తాం. గోధుమ పడనివారు ఉన్నా ముందే చెప్పాలి. చాలా సోయా సాస్‌లలో గోధుమ ఉంటుంది.

అపోహ: శాకాహారులకు చైనా వంటలో చోటు లేదు.

వాస్తవం: బౌద్ధ ఆశ్రమాల శాకాహార వంట చైనాలో ఎంతో పాతది. కానీ తోఫు అన్న పేరు చూసి నమ్మవద్దు, మాపో తోఫులో సాధారణంగా మాంసపు ఖీమా వేస్తారు. ఆకుకూరల మీద ఆయిస్టర్ సాస్ (ఆల్చిప్పల మాంసంతో చేసేది), పులుసులో కోడి ఎముకల రసం ఉండవచ్చు. "మాంసం వద్దు" అని ఊరుకోకుండా ఈ రెండింటినీ పేరు పెట్టి వద్దనండి.

అపోహ: ఎవరి పళ్లెం వారు ఆర్డర్ చేసుకోవాలి.

వాస్తవం: చైనా భోజనం నడిమధ్యన పెట్టుకుని అందరూ పంచుకునేది. ఎంతమంది ఉంటే దాదాపు అన్ని వంటకాలు, వాటికి తోడు ఒక సూప్ చెప్పండి. ఒక చేప, ఒక ఆకుకూర, ఒక తోఫు, ఒక మాంసం ఇలా ఉండాలే తప్ప నాలుగూ వేపుళ్లే కాకూడదు. వోక్‌లో పెద్ద మంట మీద వచ్చే కమ్మదనాన్ని కాంటనీస్‌లో వోక్ హే అంటారు. బల్ల మీదికి వచ్చిన కొద్ది నిమిషాల్లోనే అది పోతుంది, కాబట్టి వచ్చింది వచ్చినట్టే తినండి. ఫొటోల కోసం ఆగవద్దని చేతులు జోడించి అడుగుతున్నాను.

పెకింగ్ బాతు కావాలంటే ఒక రోజు ముందే ఫోన్ చేయండి. కాల్చడానికి ముందు దాని చర్మాన్ని గంటల తరబడి గాలికి ఆరబెట్టాలి. అదే ఫోన్‌లో, నమలలేని పెద్దలు వస్తున్నారని చెబితే, మెనూలో లేకపోయినా చాలా కాంటనీస్ వంటశాలలు ఆవిరి మీద గుడ్డును జున్నులా ఉడికించి పెడతాయి. నేనైతే గుడ్డు ఒక వంతుకు గోరువెచ్చని నీళ్లు రెండు వంతులు కలుపుతాను.